రుతువిరతిలో హార్మోన్ చికిత్స: ఆరంభకాల నిర్ణయం

వ్యాససంగ్రహం:
రుతువిరతి దశలో హార్మోన్ చికిత్స తీసుకోవచ్చా అన్న ప్రశ్న చాలాకాలంగా ఉన్నదే. ఎప్పుడు ఆరంభించాలి అన్న ప్రశ్నకు గడచిన రెండు దశాబ్దాలలోనే ప్రాధాన్యం పెరిగింది. ముట్లు ఆగిన పదేళ్ళలోపు, లేదా 60 ఏళ్ళ వయసులోపు ఆరంభిస్తే ప్రయోజనం ఎక్కువ, ప్రమాదం తక్కువ అన్నది ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు అంగీకరిస్తున్న సూత్రం. ఈ సూత్రం ఎలా ఏర్పడింది, దాని హద్దులేమిటి అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ముట్టు ఆగిన రోజును బట్టి కాలాన్ని లెక్కించే పద్ధతి, చిన్నవయసులోనే గర్భసంచి తొలగింపునకు గురైన తెలుగు స్త్రీల విషయంలో ఎందుకు తప్పుతుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ముట్లుడగడం, రుతువిరతి, ఈస్ట్రోజెన్, హార్మోన్ చికిత్స, గర్భసంచి తొలగింపు, అండాశయం, స్త్రీ ఆరోగ్యం.

1. ఉపోద్ఘాతం:

ఈ దశకు తెలుగులో ఉన్న పాతమాట ముట్లుడగడం. ‘ఉడుగు’ అంటే ఆగిపోవడం, క్షీణించడం. గాలి ఉడుగుతుంది, సత్తువ ఉడుగుతుంది. ముట్టుకూ అదే క్రియను వాడడంలో ఈ దశను ముసలితనంతో ముడిపెట్టిన చూపు కనిపిస్తుంది. సంస్కృతం నుంచి వచ్చిన రజోనివృత్తి, రుతువిరతి అన్న మాటలు కూడా ఆగిపోవడాన్నే చెబుతాయి. మెనోపాజ్ అన్న మాట సంగతీ అంతే. 19వ శతాబ్ది తొలినాళ్ళలో షార్ల్ ద గార్దాన్ అనే ఫ్రెంచి వైద్యుడు కల్పించిన ఈ పదంలో ఉన్నవి నెల, ఆగడం అనే రెండు గ్రీకు అర్థాలు. భాషలన్నీ కంటికి కనిపించే రక్తస్రావాన్ని ఆధారం చేసుకునే ఈ దశకు పేరు పెట్టుకున్నాయి. లోపల పని తగ్గించుకుంటున్న అండాశయం ఏ పేరులోనూ లేదు.

ఆ దశలో కలిగే బాధలకు ప్రత్యేకమైన పేర్లు తెలుగులో ఇంకా తక్కువ. ముఖం, మెడ, ఛాతీ ఉన్నట్టుండి వేడెక్కి చెమటలు పట్టడాన్ని ఇప్పటి పత్రికలు వేడి ఆవిర్లు అని రాస్తున్నాయి. ఇళ్ళలో మాత్రం ‘ఒంట్లో వేడి చేసింది’ అన్న మాటతోనే సరిపెట్టుకుంటారు. వేడి చేయడమన్నది తెలుగువారికి ఆహారంతో ముడిపడిన భావన కాబట్టి మందు కూడా వంటింటిలోనే దొరుకుతుంది: మజ్జిగ, సబ్జా నీళ్ళు, బార్లీ. వాటివల్ల హాని లేదు. కాని రాత్రిళ్ళు రెండుమూడుసార్లు తడిసిన బట్టలు మార్చుకుంటూ నిద్రలేక గడిపే స్త్రీ తన అవస్థకు మూలం నిన్న తిన్న మామిడిపండులో వెతుక్కుంటున్నంతకాలం వైద్యుడి దగ్గరకు వెళ్ళే సందర్భమే రాదు. ఈ ఆవిర్లు ఏదో కొద్ది నెలల ముచ్చట అనుకోవడం కూడా సరికాదు. అమెరికాలో వేర్వేరు జాతుల స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించిన ‘స్వాన్’ అధ్యయనం 2015లో ప్రకటించిన ఫలితం ప్రకారం, తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో అవి కొనసాగిన మధ్యస్థ కాలం 7.4 సంవత్సరాలు.

2. ఏనాటి నుంచి లెక్క?

వరుసగా 12 నెలలపాటు ముట్టు రాకపోతే, చివరిసారి వచ్చిన రోజును రుతువిరతిగా గుర్తిస్తారు. అంటే ఆ రోజు ఏదో ఏడాది గడిచాకగాని తెలియదు. సుశ్రుతసంహిత ఈ వయసును 50 ఏళ్ళుగా చెప్పింది. పాశ్చాత్య దేశాలలో నేటి సగటు 51 ప్రాంతంలో ఉండగా, భారతదేశంలో 46, 47 సంవత్సరాల దగ్గర ఉంది. 40 నుంచి 45 ఏళ్ళ మధ్య వస్తే ముందస్తు రుతువిరతి అంటారు. 40లోపే అండాశయాలు పని తగ్గిస్తే దాన్ని వేరే వ్యాధిస్థితిగానే పరిగణిస్తారు.

బాధలు మాత్రం ఆ చివరి రోజుదాకా ఆగవు. అంతకు కొన్నేళ్ళ ముందునుంచే ఈస్ట్రోజెన్ హెచ్చుతగ్గులకు లోనవుతుంది, నెలసరి గతి తప్పుతుంది, నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. ఈ సంధికాలానికి తెలుగులో ఇంటి మాట లేదు. పెరిమెనోపాజ్ అన్న పదాన్నే పత్రికలు తెలుగు లిపిలో రాస్తున్నాయి. ‘నెల తప్పడం’ అన్న పలుకుబడి ఉంది గాని అది గర్భధారణ అర్థంలో స్థిరపడిపోయింది. ఈ అర్థం వైద్యపరంగా పూర్తిగా తోసిపుచ్చదగింది కాదు. సంధికాలంలో గర్భం వచ్చే అవకాశం తగ్గుతుందే తప్ప పోదు. హార్మోన్ చికిత్సలో ఇచ్చే మోతాదు గర్భనిరోధకంగా పనిచేయదు కనుక చికిత్స ఆరంభించిన స్త్రీకి కూడా ఆ జాగ్రత్త విడిగా అవసరం.

చికిత్స ఆరంభించడానికి ఆ 12 నెలలు పూర్తికావాలా? అక్కరలేదు. బ్రిటన్‌లోని ‘నైస్’ సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు 45 దాటిన స్త్రీకి లక్షణాలను బట్టే సంధికాలాన్ని నిర్ధారించవచ్చునని, రక్తపరీక్ష అవసరం లేదని చెప్పాయి. ఆ దశలో ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్ స్థాయి ఒక నెల ఎక్కువగా, మరో నెల మామూలుగా ఉండవచ్చు. ఒక్కసారి చేసిన పరీక్షలో ‘నార్మల్’ అని వచ్చిందన్న కారణంతో ఆవిర్లతో బాధపడుతున్న స్త్రీని తిప్పిపంపడానికి శాస్త్రాధారం లేదు. 40 నుంచి 45 మధ్య ఉన్నవారికి, అంతకన్నా చిన్నవారికి మాత్రం పరీక్షకు ప్రాధాన్యముంది.

3. 2002 నాటి భయం:

హార్మోన్ చికిత్స చరిత్రలో అతి ఉత్సాహం, అతి భయం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చూడిగుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్‌ల మందు ప్రెమరిన్‌కు 1942లో అమెరికాలో అనుమతి లభించింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే వైద్యుడు రాసిన ‘ఫెమినైన్ ఫరెవర్’ పుస్తకం దాన్ని నిత్యయౌవన సాధనంగా ప్రచారం చేసింది. 1975లో, కేవలం ఈస్ట్రోజెన్ వాడినవారిలో గర్భసంచి లోపొర క్యాన్సర్ పెరుగుతున్నట్లు బయటపడింది. గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టెరాన్ లేదా ఆ జాతి మందును జతచేయడం అప్పటినుంచి నియమమైంది. ఆ తరువాత గుండెజబ్బు రాకుండా కాపాడుతుందన్న నమ్మకంతో బాధలేమీ లేని స్త్రీలకు కూడా ఈ మందులు విరివిగా రాశారు.

ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి చేపట్టిందే అమెరికా ప్రభుత్వ సహకారంతో నడిచిన ‘ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’. గర్భసంచి ఉన్న 16,608 మందిపై ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్‌లను కలిపి ఇస్తూ సాగిన విభాగాన్ని 2002 జులైలో, సగటున 5.2 ఏళ్ళకే నిలిపివేశారు. రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందన్న మాట ప్రపంచమంతటా పతాకశీర్షిక అయింది. ఆ శాతం వెనుక ఉన్న అసలు సంఖ్య ఇది: ఏడాదికి పదివేలమందిలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 30 మందికి, మందు వేసుకున్నవారిలో 38 మందికి ఆ వ్యాధి వచ్చింది. పక్షవాతం 21 నుంచి 29కి, ఊపిరితిత్తుల్లో రక్తపుగడ్డలు 8 నుంచి 16కు, గుండెజబ్బు 30 నుంచి 37కు పెరిగాయి. తుంటి ఎముక విరగడం 15 నుంచి 10కి, పెద్దపేగు క్యాన్సర్ 16 నుంచి 10కి తగ్గాయి.

ఈ అంకెలు సరైనవే. వాటిని ఎవరికి అన్వయించారన్నదే తేడా. పరిశోధనలో పాల్గొన్నవారి వయసు 50 నుంచి 79, సగటు 63. మూడింట రెండు వంతులమంది 60 దాటినవారు. ఆవిర్లతో నిద్రలేని 48 ఏళ్ళ స్త్రీకి ఉపశమనం కలిగించవచ్చా అన్నది ఆ పరిశోధన వేసుకున్న ప్రశ్నే కాదు. అయినా ఫలితం ఆమెకూ వర్తించింది. కొద్ది ఏళ్ళలోనే మందు వాడకం పడిపోయింది, ఒక తరం వైద్యులు దాన్ని రాయడం నేర్చుకోకుండానే చదువు ముగించారు. 2004లో ఆపివేసిన రెండో విభాగంలో, గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ మాత్రమే ఇచ్చారు. వారిలో పక్షవాతం పెరిగింది గాని రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఈ రెండో ఫలితానికి పత్రికల్లో మొదటిదానికి దక్కిన చోటు దక్కలేదు.

4. పదేళ్ళు, అరవై ఏళ్ళు:

అదే పరిశోధన సమాచారాన్ని 2007లో, ముట్లు ఆగి ఎన్నేళ్ళయింది అన్న ప్రాతిపదికపై విడదీసి చూశారు. పదేళ్ళలోపువారిలో గుండెజబ్బు పెరుగుదల కనిపించలేదు. ఇరవై ఏళ్ళు దాటినవారిలో స్పష్టంగా కనిపించింది. దీనికిచ్చే వివరణ రక్తనాళానికి సంబంధించింది. నాళపు గోడ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ దాని మృదుత్వాన్ని నిలుపుతుంది. కొవ్వు పేరుకుని పూడిక ఏర్పడ్డాక అదే హార్మోన్ ఆ పూడికను కదిలించి, గడ్డకట్టే గుణాన్ని పెంచి హాని చేయవచ్చు. 2016లో వెలువడిన ‘ఎలైట్’ పరీక్ష 643 మందిని ముట్లు ఆగి ఆరేళ్ళు నిండనివారు, పదేళ్ళు దాటినవారు అని రెండు వర్గాలు చేసింది. మెడ ధమని గోడ మందమెక్కే వేగం మొదటి వర్గంలో మందువల్ల తగ్గింది, రెండో వర్గంలో తగ్గలేదు. ఆ పరీక్ష కొలిచింది ధమని మందాన్నే, గుండెపోటులను కాదు. దీన్ని ఉటంకించేవారు చాలామంది ఈ తేడాను వదిలేస్తారు.

వీటి ఆధారంగానే, 60 ఏళ్ళలోపు వయసులో గాని, రుతువిరతి వచ్చిన పదేళ్ళలోపు గాని, బాధలున్న స్త్రీకి వ్యతిరేక కారణాలేవీ లేనప్పుడు చికిత్స ఆరంభించడం మేలని ఉత్తర అమెరికా రుతువిరతి సంఘం 2022 ప్రకటనలో పేర్కొంది. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల పెట్టెలపై రెండు దశాబ్దాలుగా ఉన్న గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు హెచ్చరికలను తొలగించనున్నట్లు ప్రకటించింది. అయితే 2002 నాటి భయం ఎంత తొందరపాటో, ఇప్పుడు అక్కడక్కడా వినిపిస్తున్న ఉత్సాహం కూడా అంత తొందరపాటే కావచ్చు. కాలసూత్రం గుండెజబ్బుకు సంబంధించింది. పక్షవాతం ముప్పు ముట్లు ఆగిన కాలాన్ని బట్టి మారినట్లు 2007 విశ్లేషణలో కనిపించలేదు. రొమ్ము క్యాన్సర్ విషయంలో త్వరగా ఆరంభించడం రక్షణ కాదు, అక్కడ లెక్కకు వచ్చేది వాడిన కాలం. 2019లో ‘లాన్సెట్’ ప్రచురించిన సమష్టి విశ్లేషణ ప్రకారం, 50వ ఏట మొదలుపెట్టి ఐదేళ్ళు రెండు హార్మోన్లనూ రోజూ వాడితే, తరువాతి కాలాన్ని కూడా కలుపుకొని 69 ఏళ్ళలోపు ప్రతి 50 మందిలో ఒకరికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. కేవలం ఈస్ట్రోజెన్ అయితే 200 మందిలో ఒకరికి. ఈ లెక్క ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న పాశ్చాత్య దేశాల స్త్రీలది. భారతీయ స్త్రీలలో వ్యాధి రేటు తక్కువ కనుక అదనపు సంఖ్య కూడా తక్కువే ఉండవచ్చు.

కాబట్టి బాధ ఉన్నప్పుడే ఆరంభ ప్రశ్న తలెత్తుతుంది. సగటు వయసులో ముట్లుడిగి, ఏ బాధా లేని స్త్రీకి గుండెకోసమో జ్ఞాపకశక్తికోసమో ‘పదేళ్ళు దాటిపోతాయి, ఇప్పుడే మొదలుపెట్టండి’ అని చెప్పడానికి ఈ పరిశోధనలు ఆధారం ఇవ్వవు.

5. ఎవరికి వద్దు, ఏ రూపంలో?

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవారికి, కాలి సిరల్లోగాని ఊపిరితిత్తుల్లోగాని గడ్డలు ఏర్పడినవారికి, తీవ్రమైన కాలేయవ్యాధి ఉన్నవారికి సాధారణంగా ఈ చికిత్స ఇవ్వరు. కారణం తెలియని రక్తస్రావం ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి. అధిక రక్తపోటును, మధుమేహాన్ని అదుపులోకి తెచ్చి, గుండెజబ్బు ముప్పును అంచనా వేశాకే ఆరంభం గురించి ఆలోచిస్తారు. చర్మంపై రాసే జెల్, అంటించే పట్టీ రూపాల్లో ఈస్ట్రోజెన్ నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్ర కాలేయం గుండా వెళ్ళడంవల్ల పెరిగే గడ్డల ముప్పు వీటితో పెరిగినట్లు అధ్యయనాలలో కనిపించలేదు. యోని పొడిబారడం, మూత్రంలో మంట వంటి బాధలకు అక్కడే వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీముకు పైన చెప్పిన పదేళ్ళ గడువు వర్తించదు. డెబ్బయ్యో ఏటనైనా మొదలుపెట్టవచ్చు. ఈ బాధను చెప్పుకోవడానికి సిగ్గుపడేవారే ఎక్కువ కనుక ఈ సంగతి ఎందరికో చేరడంలేదు.

6. గర్భసంచి లేని స్త్రీ విషయంలో లెక్క:

ఇంతవరకు చెప్పిన కాలసూత్రానికి ఆధారం చివరి ముట్టు తేదీ. ఆ తేదీ లేని స్త్రీలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దేశంలో మరెక్కడా లేనంత ఎక్కువ నిష్పత్తిలో ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగింపు చేయించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.3 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2 శాతం. ఎక్కువ ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి, ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం. ఆపరేషను నాటి వయసు తరచుగా ముప్పైల మధ్యలోనే ఉంది. అనవసరమైన గర్భసంచి తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. అది ఇకపై జరగబోయే ఆపరేషన్ల సంగతి. ఇప్పటికే జరిగినవారికి హార్మోన్ ప్రశ్న మిగిలే ఉంది.

‘గర్భసంచి తీసేశారు’ అన్న ఒక్క వాక్యం రెండు వేర్వేరు శస్త్రచికిత్సలకు వర్తిస్తుంది. గర్భసంచిని మాత్రమే తీసి అండాశయాలను ఉంచడం ఒకటి, రెండు అండాశయాలనూ కలిపి తీసేయడం మరొకటి. సర్వే అడిగింది కూడా గర్భసంచి గురించే కనుక అండాశయాల సంగతి ఆ అంకెల్లో కనిపించదు. వాడుకభాషలో రెండింటికీ ఫలితం ఒకటే: ముట్లు ఆగిపోయాయి. హార్మోన్ల దృష్టితో చూస్తే మాత్రం ఈ ఇద్దరి పరిస్థితికీ పోలిక లేదు.

రెండు అండాశయాలూ పోయిన 35 ఏళ్ళ స్త్రీకి ఈస్ట్రోజెన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. సహజంగా కొన్నేళ్ళపాటు నెమ్మదిగా జరిగే మార్పు ఆమెకు ఆసుపత్రి మంచం మీదే జరుగుతుంది. ఆవిర్లు తీవ్రంగా ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, ఆమె ఎముకలు సాటి వయసువారికన్నా పదేళ్ళు ముందుగా గుల్లబారడం మొదలవుతుంది, గుండెజబ్బు ముప్పు కూడా పెరుగుతుంది. ఇక్కడ ఆరంభకాలం గురించి పెద్ద చర్చ లేదు. వ్యతిరేక కారణాలు లేకపోతే ఆపరేషను జరిగిన వెంటనే మొదలుపెట్టి, కనీసం సహజ రుతువిరతి వయసు వచ్చేవరకు కొనసాగించాలన్నదే మార్గదర్శకాల మాట. బాధలు లేకపోయినా ఇదే వర్తిస్తుంది. గర్భసంచి లేదు కనుక సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. 2002 అంకెలు ఈమెకు వర్తించవు: అవి రెండు హార్మోన్లూ వాడిన, సగటున 63 ఏళ్ళ వయసున్న స్త్రీల అంకెలు. ‘హార్మోన్ పునఃస్థాపన’ అన్న పేరులోని పునఃస్థాపన నిజంగా సార్థకమయ్యేది ఈమె విషయంలోనే. యాభయ్యో ఏట సహజంగా తగ్గినదాన్ని తిరిగి నిలబెట్టడం వేరు, ముప్పయ్యయిదో ఏట కత్తితో తీసినదాన్ని భర్తీ చేయడం వేరు. నలభై లోపే అండాశయాలు తమంతట తాము ఆగిపోయినవారికి కూడా ఇదే తర్కం వర్తిస్తుంది.

అండాశయాలు మిగిలిన స్త్రీ పరిస్థితి మరింత చిక్కైనది. ఆమెకు ముట్టు లేదు గాని రుతువిరతి రాలేదు. అండాశయం పదిహేనేళ్ళు పనిచేయవచ్చు, లేదా ముందుగానే ఆగిపోవచ్చు. గర్భసంచి తీసినవారిలో అది ముందుగా ఆగే అవకాశం తీయనివారికన్నా దాదాపు రెట్టింపని 2011లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. ఆగిన రోజున ఏ గుర్తూ ఉండదు. ఆవిర్లు వచ్చినా ‘నాకు ముట్లు ఎప్పుడో ఆగిపోయాయి కదా’ అని ఆమే ఆ అవకాశాన్ని తోసిపుచ్చుతుంది. 45 లోపు ఇలాంటి లక్షణాలు కనిపించినప్పుడు నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు ఎఫ్.ఎస్.హెచ్. పరీక్ష చేయడం ఈమె విషయంలో నిజంగా ఉపయోగపడుతుంది.

ఇలాంటి స్త్రీ 52వ ఏట ఆవిర్లతో వైద్యుడిని కలిస్తే ‘అరవై లోపు, లేదా పదేళ్ళలోపు’ అన్న సూత్రంలోని రెండు షరతులూ విడిపోతాయి. సహజంగా ముట్లుడిగినవారిలో అవి చాలావరకు ఒకే కాలాన్ని సూచిస్తాయి. 34వ ఏట అండాశయాలు తీయించుకుని, ఏ మందూ వాడని స్త్రీకి వయసు 52 అయినా ఈస్ట్రోజెన్ లేని కాలం 18 ఏళ్ళు. వయసును చూస్తే అర్హురాలు, రక్తనాళాల చరిత్రను చూస్తే కాదు. అండాశయాలు ఉన్న మరో స్త్రీకి అదే 52వ ఏట, అదే ముట్టులేని 18 ఏళ్ళ తరువాత, ఆ కాలం రెండేళ్ళే కావచ్చు. ‘ముట్లు ఆగి ఎన్నేళ్ళయింది?’ అన్న ప్రశ్నకు ఇద్దరూ ఇచ్చే సమాధానం ఒకటే, చేయవలసిన నిర్ణయాలు వేరు. మొదటి స్త్రీకి రక్తపోటు, కొవ్వు, చక్కెర, ఎముకల సాంద్రత పరీక్షించి, ఇవ్వదలిస్తే తక్కువ మోతాదులో చర్మం ద్వారా ఇవ్వడమో, ఆవిర్లకు హార్మోనేతర మందులు వాడడమో ఆలోచించాలి. రెండో స్త్రీకి మామూలు నియమాలు సరిపోతాయి.

ఈ తేడా తెలియడానికి కావలసింది ఆపరేషను నాటి డిశ్చార్జి కాగితం. అందులో అండాశయాల ప్రస్తావన ఉండాలి. పదిహేనేళ్ళ కిందటి కాగితం దొరకనప్పుడు స్కానింగ్ కొంతవరకు ఉపయోగపడుతుంది గాని, పనిచేయడం ఆగిన అండాశయం చిన్నబడి స్కానులో కనిపించకపోవచ్చు. కనిపించలేదు కనుక తీసేశారని అనుకోవడానికి వీల్లేదు. తొలగించిన భాగాలను ప్రయోగశాలకు పంపి ఉంటే ఆ నివేదికలో అండాశయాలు ఉన్నదీ లేనిదీ తప్పక రాస్తారు. ఆసుపత్రి ఆ నివేదికను దాచి ఉంచితే అదే నమ్మదగిన ఆధారం. ఇప్పుడు ఆపరేషనుకు సిద్ధమవుతున్నవారు ఆ రెండు కాగితాల నకళ్ళనూ ఇంటికి వెళ్ళే రోజే అడిగి తీసుకోవచ్చు.